అనుమానం వస్తే చాలు, ఆట ఆపించండి

పీఈటీ మాస్టార్లకూ, కోచ్‌లకూ, సంక్రాంతి టోర్నమెంట్లు నడిపే యువజన సంఘాలకూ, కన్నవారికీ ఒక్కటే మనవి. తలకు దెబ్బ తగిలిన పిల్లల్ని ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకండి.

కెనడాలోని ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల అమ్మాయి బడి రగ్బీ జట్టుకు కెప్టెన్. 2013 మే నెలలో కొద్దిరోజుల తేడాతో ఆమె తలకు దెబ్బ మీద దెబ్బ తగిలింది. దెబ్బకు మెదడు అదిరే కంకషనేమోనని ఫోన్‌లో వెతుక్కుంది, స్నేహితులకు మెసేజీలు పెట్టింది. పెద్దవాళ్లకు ఆ సంగతి చేరలేదు. మళ్ళీ మ్యాచ్‌కి దిగింది, పడిపోయింది, ఇక లేవలేదు. చేతికందే దూరంలో ఇంతమంది పెద్దలుండీ ఆ మాట ఒక్కరి చెవినా పడలేదే! 2018లో ఆ ఊరున్న ఒంటారియో రాష్ట్రం ఆమె పేరునే చట్టం చేసింది: అనుమానం వస్తే ఆటగాణ్ణి బయటికి పంపాలి, వైద్యులు సరేనన్నాకే పూర్తి ఆటకి రానివ్వాలి.

ఆ నియమం పాటించడానికి మనకు చట్టమే రానక్కర్లేదు. కబడ్డీలో నలుగురు చుట్టేసి పడేస్తే రైడర్ తల నేలకు కొట్టుకుంటుంది. "ఏం కాలేదు, లేరా" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ పుర్రెలో మెదడు అదిరిపోయి ఉండొచ్చు. కంకషన్ అయిన చాలామందికి స్పృహ తప్పదు, స్కాన్‌లోనూ ఏమీ కనబడకపోవచ్చు. ఎదిగే వయసు మెదడు తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఇంకో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణమే పోవచ్చు. అరుదే అయినా, అలా పోయినవాళ్లలో ఎక్కువమంది ఈ ఈడు పిల్లలే.

అమ్మా, టెన్త్ చదివే కొడుకు చదివిన లైనే మళ్ళీ చదువుతున్నా, వెలుతురు భరించలేకపోతున్నా, ఊరికే చిరాకుపడుతున్నా బద్ధకమని తిట్టకండి. తలకు దెబ్బ తగిలిందా అని అడగండి. వాంతులు ఆగకపోయినా, మగత కమ్మినా, మాట తడబడినా తెల్లారేదాకా చూడొద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పక్కవాడు స్కోరు మరిచిపోయి తెల్లముఖం వేస్తే మాస్టారికి చెప్పండి. అది చాడీ కాదు, మీ జట్టువాడి ప్రాణానికి కాపలా.

నిర్వాహకులారా, ఆట ఆపించే అధికారమిచ్చి ఒకరిని కోర్టు పక్కన కూర్చోబెట్టండి. ఫైనల్ ఆఖరి నిమిషమైనా, ఊరంతా అరుస్తున్నా వారి మాటే చెల్లాలి. ఈ సంక్రాంతికి వేసే కరపత్రంలో ఎంట్రీ ఫీజు పక్కనే ఈ నియమం అచ్చు వేయించండి. మొదటి కూత పెట్టేలోపు మైకులో చదివి వినిపించండి.