రెండోసారి చూడాల్సిన దయ్యం

చెల్లెలికి నెలసరి వచ్చిందని అక్క సవతి తల్లి గదికి వెళ్తుంది. తనకూ ఆరోజే వచ్చిందని ఆ సవతి తల్లి వింతపడుతుంది. ‘ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్’ అనే కొరియా సినిమాలో ఇదొక చిన్న ముక్క. మొదటిసారి చూసేటప్పుడు ఇంటి సంగతిలే అనుకుని దాటేస్తాం. రెండోసారి అదే ముక్క దగ్గర ఒళ్లు జలదరిస్తుంది. అప్పటికి మనకు తెలుసు, ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లు కాదు, ఒక్క ఆడపిల్ల.

సినిమా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి కథ చెప్పేస్తున్నాను. 2003 జూన్‌లో విడుదలైంది. దర్శకుడు కిమ్ జీ-ఊన్. పిచ్చాసుపత్రి నుంచి ఇంటికొచ్చిన సుమికి చెల్లెలు సుయాన్ కనిపిస్తుంది, చెల్లెల్ని హింసించే సవతి తల్లి కనిపిస్తుంది. నిజానికి చెల్లెలు ఎప్పుడో చనిపోయింది. తల్లి బీరువాలో ఉరి వేసుకుంది. ఆమెను లాగబోయిన చెల్లెలి మీద ఆ బీరువా పడింది. సవతి తల్లి చూసి కూడా ఆదుకోలేదు. అదే సమయంలో సుమి ఆమెతో కసిగా ఓ మాట అని, ఏమీ తెలియక ఇంట్లోంచి బయటికి నడిచింది. ఆ క్షణాన్ని మోయలేని పిల్ల చెల్లెలూ తనే అవుతుంది, సవతి తల్లీ తనే అవుతుంది. రెండోసారి చూడండి. తండ్రి సుయాన్‌తో ఒక్క మాటా మాట్లాడడు. మందు బిళ్లలు సుమి చేతికే ఇస్తాడు. దర్శకుడు ఏదీ దాచలేదు. మనమే చూడలేదు.

దీనికి మూలం చోసన్ రాజుల కాలం నాటి జానపద కథ. అక్క జాంగ్హ్వా అంటే గులాబీ, చెల్లెలు హాంగ్‌ర్యోన్ అంటే ఎర్రతామర. కొరియా భాషలో సినిమా పేరు ఈ రెండు పేర్లే. సవతి తల్లి తోలు వలిచిన ఎలుకను అక్క పక్కలో పెట్టి, కడుపు పోగొట్టుకుందని నింద వేస్తుంది. అక్కను చెరువులో తోయిస్తారు. చెల్లెలు తనంతట తానే అదే నీళ్లలో దూకుతుంది. ఇద్దరూ దయ్యాలై ఊరి అధికారి దగ్గరికి గోడు చెప్పుకోవడానికి వెళ్తారు. వచ్చిన అధికారి వచ్చినట్టే భయంతో చచ్చిపోతుంటాడు. చివరికి ఒకడు పారిపోకుండా కూర్చుని వింటాడు. విన్నాక న్యాయం జరుగుతుంది. ఈ కథలో నాకు ఎలుక కంటే, చెరువు కంటే ఆ చివరి అధికారే ఎక్కువ ముఖ్యం. ఆ పిల్లలు వచ్చింది ఎవరినీ చంపడానికి కాదు, చెప్పుకోవడానికి. విననివాళ్లే చచ్చారు.

మాది నారాయణఖేడ్ వైపు. సంగారెడ్డి జిల్లాకు ఒక కొసన, బీదర్‌కు దగ్గరగా ఉంటుంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ ఒకే సంతలో వినిపిస్తాయి. ఈ భాషలన్నీ ఎరిగిన మాట ఒకటుంది: బాణామతి. అవతలి వైపు భానామతి అంటారు. ఇంటి మీద రాళ్లు పడ్డాయంటారు, దండెం మీది బట్టలు వాటంతటవే అంటుకున్నాయంటారు. ఎక్కువగా పట్టేది ఆడవాళ్లనే. కుక్కలా మొరుగుతారు, వేరే గొంతుతో మాట్లాడతారు. తర్వాత ఎవరు చేశారన్న వెతుకులాట మొదలవుతుంది. అనుమానం ఎక్కువగా దిక్కులేనివాళ్ల మీదికే పోతుంది. మంత్రం పలకకుండా పళ్లు రాలగొట్టడం, కట్టేసి కొట్టడం, ప్రాణాలు తీయడం మెదక్ ప్రాంతంలో జరిగిన సంగతులే. మనసు మోయలేని బాధ ఒంటి మీదికి ఇలా ఎక్కుతుందని మానసిక వైద్యులు చెబుతారు.

చిన్నప్పుడు అలా మొరిగే అమ్మాయిని నేను చూశాను. వాకిట్లో జనం, వేపమండలు, నిమ్మకాయలు. ఎవరు చేశారని అందరూ అడిగారు. ఆ పిల్లకు ఏమైందని ఎవరూ అడగలేదు. కొరియా సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఆ వాకిలే గుర్తొచ్చింది.

అప్పట్లో మా ఊళ్లకు సినిమా వీసీపీ మీద వచ్చేది. పెళ్లికో పండక్కో కిరాయికి తెచ్చి, ఒక్క రాత్రిలో మూడు క్యాసెట్లు వేసి, పొద్దున్నే తిరిగి ఇచ్చేయాలి. దయ్యం సినిమాను ఎవరూ రెండోసారి చూడలేదు. చూసే వీలే లేదు. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ని నేను అలాగే చూశాను. 1992లో తెలుగులో, హిందీలో ఒకేసారి తీసిన సినిమా అది. హిందీలో పేరు ‘రాత్’. రేవతి, ఓంపురి నటించారు. మణిశర్మ నేపథ్య సంగీతంతో పరిచయమైంది ఈ సినిమాతోనే. జనమంతా మాయమైన థియేటర్లో రేవతి ఒంటరిగా నిలబడే దృశ్యం ఇప్పటికీ కళ్లలోంచి పోలేదు. ఈ సినిమాలో డాక్టరు మాటా వినిపిస్తుంది, మంత్రగాడి మాటా వినిపిస్తుంది. చివరికి మంత్రగాడే గెలుస్తాడు. ఆ గెలుపు నాకు నచ్చదు. అయినా ఒక మామూలు మధ్యతరగతి ఇంటి నేలమాళిగలోంచి అంత భయం పుట్టించిన తెలుగు సినిమాలు చాలా తక్కువ. పదేళ్ల తర్వాత నాకు దొరికిన సీడీలో బొమ్మ మీద ఎవరిదో ముద్ర పడి ఉంది, చీకటి దృశ్యాలన్నీ బూడిద ముద్ద. చీకట్లో ఏముందో కనిపించకపోతే ఆ సినిమాలో ఇంకేం మిగులుతుంది?

కొరియావాళ్ల సినిమాకు పట్టిన అదృష్టం వేరు. టార్టన్ సంస్థ దాన్ని రెండు డిస్కుల డీవీడీగా తెచ్చింది. సినిమా నడుస్తుండగా దర్శకుడు ఒకసారి ఛాయాగ్రాహకుడితో, లైటింగ్ చేసినాయనతో కూర్చుని మాట్లాడతాడు. ఇంకోసారి అక్కాచెల్లెళ్లుగా వేసిన ఇమ్ సూ-జాంగ్, మూన్ గ్యున్-యంగ్‌లతో మాట్లాడతాడు. తీసేసిన దృశ్యాలున్నాయి, వాటిని ఎందుకు తీసేశాడో కూడా చెబుతాడు. పూల వాల్‌పేపర్ల ఆ ఇంటి సెట్టు గురించి విడిగా ఒక భాగం ఉంది. వీటన్నిటి మధ్య నన్ను నిలబెట్టింది మరొకటి: ఒక మానసిక వైద్యుడు సుమి గురించి మాట్లాడే భాగం. భయపెట్టి అమ్ముకునే సరుకులో రోగి పక్షాన మాట్లాడే మనిషికి చోటిచ్చారు. 2008లో బ్రిటన్‌లో టార్టన్ మూతపడింది. సినిమా మాత్రం పోలేదు. తర్వాత యారో వీడియో సంస్థ బ్లూరేగా తెచ్చింది.

కొత్త సినిమాకే ఈ మర్యాద అనుకోవద్దు. 1960లో కిమ్ కీ-యంగ్ తీసిన ‘ది హౌస్‌మెయిడ్’ కూడా ఇంటి గోడల మధ్య మనసులు విరిగే కథే. దాని నెగెటివ్‌లో రెండు రీళ్లు పోయాయి. దొరికిన ఒక ప్రింటులో ఆ భాగాలున్నాయి కానీ బొమ్మ మీద ఇంగ్లిషులో చేత్తో రాసిన అక్షరాలున్నాయి. కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్, మార్టిన్ స్కోర్సెసీ పెట్టిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ కలిసి 2008లో ఆ అక్షరాలను డిజిటల్‌గా చెరిపి సినిమాను నిలబెట్టాయి. తర్వాత అది డిస్కుగానూ వచ్చింది. 1974లో పుట్టిన ఆ ఆర్కైవ్ తన పాత సినిమాలెన్నిటినో సబ్‌టైటిళ్లతో యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టింది.

మనకు చేతకాదని నేను అనను. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్దుకున్నాం. 2024లో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన పాత సినిమాలను దేశంలోని ఎన్నో ఊళ్లలో మళ్లీ తెర మీదికి తెచ్చింది. పొరుగున కేరళలో 1993 నాటి ‘మణిచిత్రత్తాళు’ అదే ఏడాది 4కెలో థియేటర్లకు తిరిగొచ్చింది. ఒక్క ఆడమనిషిలో ఇద్దరు బతికే ఆ కథే మనకు ‘చంద్రముఖి’గా తెలుసు. అయితే మన తొలి టాకీ, 1932 నాటి ‘భక్తప్రహ్లాద’, ఇప్పుడు చూద్దామన్నా లేదు. పౌరాణికానికే ఆ గతి పడితే దయ్యం సినిమాను ఎవరు పట్టించుకుంటారు? దయ్యం సినిమా అనగానే చవక సరుకని మన పెద్దలకు ఒక చిన్నచూపు. ఓటీటీలో ఉందిగా అంటారు. హక్కుల గడువు తీరితే అక్కడినుంచి ఏ సినిమా అయినా పోతుంది. పైగా అందులో సినిమా ఉంటుంది కానీ, దాని పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఉండడు.

నాకు కావలసింది ఫలానా అని చెప్పగలను. ‘రాత్రి’ చీకట్లు చీకట్లుగా కనిపించే ఒక మంచి ప్రతి. దాంతో పాటు ఆ ఖాళీ థియేటర్ దృశ్యం గురించి రేవతి మాట, ఆ సంగీతం గురించి మణిశర్మ మాట. ఇంకొకటి: ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో బాణామతి కేసులు చూసిన డాక్టరు ఎవరైనా, ఆ పిల్ల ఎందుకు మొరిగిందో ఓపిగ్గా, మా వైపు యాసలో చెప్పే ఒక అరగంట. అది చేతికొచ్చిన రోజు ముందు ఆ అరగంటే వేస్తాను, నారాయణఖేడ్‌లో తెర కట్టి, సంత రోజున, ఐదు భాషల వాళ్లూ ఉన్నప్పుడు.