ఎన్నికయు నెదుగుదలయు



క్రికెట్టు ఆటగాండ్ర వేలమునుగూర్చి మన యిండ్లలో మగపిల్లలు వాదులాడుకొనుట మీ రెఱిగినదే. అమెరికాదేశమున బేసుబాలు అను బంతియాటకు వేలము లేదు, ఏఱుకొనుట గలదు. దానిని డ్రాఫ్టు అందురు. 1965వ సంవత్సరము మొదలు ఏటేట అచ్చటి జట్టులు పాఠశాలలనుండియు కళాశాలలనుండియు వచ్చు పిన్నవారిని వంతులవారీగా ఏఱుకొనుచున్నవి.

వారి యోగ్యతను కనిపెట్టుటకై ప్రతిజట్టును పరీక్షకులను ఊరూరికి బంపును. ఇది పురుషులకే చెల్లిన విద్య యని తలపవలదు. 1946లోనే ఫిలడెల్ఫియా ఫిల్లీసు జట్టువారు ఈడిత్ హౌటన్ అను వనిత నీ పనికి నియమించిరి.

బంతి విసరువారికి కొలతలు వేఱు. తక్కినవారియందు చూడవలసిన గుణము లయిదు: బంతిని తప్పక కొట్టుట, దూరముగా కొట్టుట, పరుగెత్తుట, బంతిని పట్టుట, గట్టిగా విసరుట. ఒక్కొక్కదానికి 20 మొదలు 80 వఱకు మార్కు లిత్తురు. 50 అనగా పెద్దజట్టులలోని సామాన్యుని పాటి. ప్రతిగుణమునకును రెండేసి యంకెలు వేయుదురు. ఒకటి నేడున్న శక్తికి. రెండవది ఎదిగినపిమ్మట కలుగగల శక్తికి. మొదటిది కన్నులార చూచి చెప్పవచ్చును. రెండవది ఎంతటి యనుభవశాలికైనను ఊహయే.

ఆ యూహ యెట్లు పరిణమించునో తెలియుటకు 1988లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్సు జట్టువారు చేసిన యెన్నికను చూడుడు. మొదటి వంతున వారొక కళాశాలా యువకుని గైకొనిరి. దేశమంతటిలో అతడు అయిదవవాడుగా నెన్నబడెను. బంతి విసరుటలో అతని వేగము గొప్పది. గురి మాత్రము కుదరలేదు. పెద్దజట్టున ఒక్కనాడైనను ఆడకయే అతని యాట ముగిసెను. ఆఱవ వంతున వచ్చిన ఎరిక్ కారోస్ 1992లో నేషనల్ లీగున ఉత్తమ నూతన క్రీడాకారు డనిపించుకొనెను. ఇక 62వ వంతున, 1390వవాడుగా, మైక్ పియాజా యనువానిని తీసికొనిరి. జట్టును నడపు టామీ లసోర్డా అతని తండ్రికి మిత్రుడు. ఆ మాట త్రోసివేయలేక తీసికొనినదే గాని ఆశపడి కాదు. ఆ పిల్లవాడు తన స్థానమును మార్చుకొని, వికెట్టు కీపరువలె వెనుక నిలిచి బంతిని పట్టు కష్టమైన పనిని డొమినికను రిపబ్లికునకు బోయి మఱీ అభ్యసించెను. 1993లో అతడును ఉత్తమ నూతన క్రీడాకారు డయ్యెను. మొత్తము 427 హోంరన్నులు కొట్టి, 2016లో ఆ క్రీడాప్రముఖుల కీర్తిమందిరమున స్థానము గాంచెను.

ఇందువలన పరీక్షలు వ్యర్థములని చెప్పరాదు. సామాన్యముగా ముందువంతులవారే యెక్కువమంది పైకి వత్తురు. కాని పియాజాను నిలిపినది తొలుత ఒక స్నేహితుని మాట, పిమ్మట అతని శ్రమ. కుమారాస్త్రవిద్యా సందర్శనమున కర్ణుని విలువిద్యను చూచియు పెద్దలు కులమడిగిరి. దుర్యోధనుడు చేయూత నొసగినందున గదా అతడు నిలిచెను! అట్టి చేయూత దొరకక 1390వ స్థానముననే మిగిలిపోయినవా రెందఱో ఎవ రెఱుగుదురు?

మన యిండ్లలోను ఇట్టి యెన్నిక దినదినము జరుగుచున్నది. పదియేండ్ల బాలిక లెక్కలలో ఇరువది మార్కులు తెచ్చినచో "దీనికి చదువబ్బదు" అని పుస్తకములు అటకకెక్కించు పెద్దలు నేటికిని గలరు. అన్నగారికి అవే మార్కులు వచ్చినచో ట్యూషను పెట్టింతురు. బాలికకు మొదటి యంకె మాత్రమే వేసి, బాలునకు రెండును వేయుట న్యాయమా?

కావున, అమ్మలారా, బిడ్డల మార్కుల పట్టీ చేతికి వచ్చినపుడు అది నేటి యంకె యని మాత్రమే గ్రహింపుడు. రెండవ యంకెను ఆడుబిడ్డకును వేయుడు. ఏడాది గడచినపిమ్మట దానిని మరల దిద్దుడు. ఆ నడుమ ఆమెకు కావలసినది తీర్పు కాదు. దీపమును, తీరికయు, ప్రక్కన కూర్చుండి చెప్పువారును.