ముద్ర లేని వెండి

"ముద్ర ల్యాకపాయె గదవ్వా, దీన్ని ఎండని ఎట్ల నమ్మేది?"

ప్రొద్దుటూరులో ఒక అంగడివాడు మా జేజి కాలి కడియాలను అరచేతిలో ఎగరేస్తూ అన్న మాట ఇది. ఆ ఒక్క మాటతో విలువలో మూడో వంతు కోశాడు. గీటురాయి తీయలేదు, ఆమ్లపు చుక్క వేయలేదు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెలనుంచి పాత వెండి మూటగట్టుకొని ఆ ఊరికి వచ్చేవారికి ఈ కోత కొత్తదేమీ కాదు. ముద్ర లేకపోవడమే కల్తీకి రుజువనే ఈ వాదం ఎంత బోలుదో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

అసలా ముద్ర ఎక్కడనుంచి రావాలి స్వామీ? భారత ప్రమాణాల సంస్థ వెండికి హాల్‌మార్కు వేయడం మొదలుపెట్టిందే 2005లో. ఆరక్షరాల గుర్తింపు సంఖ్య వెండి మీదికి వచ్చింది 2025 సెప్టెంబరులో, అదీ ఐచ్ఛికంగా. ఇంగ్లండులో 1544 నుంచి సింహపు ముద్ర ఉంది. ఆ దొరలే మనల్ని ఏలినా, పల్లె నగకు పరీక్షించి ముద్ర వేసే ఏర్పాటేదీ ఇక్కడ చేయలేదు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ వంటి కంపెనీలు తాము అమ్మే వెండి సామానుకు తమ పేరు కొట్టుకున్నాయి. మన ఊరి కంసాలి ఎవరికోసం పేరు కొట్టాలి? ఊరంతటికీ ఆయన ఒక్కడే కదా.

ఇక సరుకు సంగతి. ఆ కంసాలి మూసలో కరిగినవాటిలో రూపాయలు ఎన్నో. 1835 నుంచి రూపాయి తూకం ఒక తులం, అంటే 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 వంతులు వెండి. 1940లో సర్కారు దాన్ని సగానికి దించింది, 1947లో నికెలు చేసింది. అంతకుముందరి రూపాయలను ఏమీ కలపకుండా కరిగించి చేసిన కడియం నేటి 900 ముద్ర సరుకుకు తీసిపోదు.

కలపలేదని హామీ ఏదంటారా? లేదు. అతుకు పెట్టిన చోట వెండి తగ్గుతుంది, లక్క నింపిన బోలు కడియాలూ ఉన్నాయి. అందుకే పరీక్ష చేయమంటున్నాను. యంత్రం సైతం పైపొరనే చూస్తుంది; ఆమ్లంలో ఉడికించి తెల్లబరిచినప్పుడు పైనున్న రాగి పోయి, లోపలికంటే పైపొర మేలుగా కనబడుతుంది. కనుక ఒక మూల గీకి చూడాలి. (అమ్మేవారికి ఇది ఒక్కోసారి నష్టమే, అయినా చెప్పక తప్పదు.)

తమాషా ఏమంటే, "పురాతన" వెండి అమ్మే చోట తాతలనాటిదంటూ చూపే వడ్డాణం మీద 925 అని స్పష్టంగా కొట్టి ఉంటుంది! నిన్న చేసి, నల్లమందు పూసిన సరుకది. ఆ అంకెను చూసి మురిసి, మజూరీతో సహా చెల్లించే పెద్దమనుషులే అవ్వ కడియం దగ్గర ముద్ర అడుగుతారు. పాతదనం తెలియాలంటే అంకె కాదు, అరుగుదల చూడాలి. జత కడియాలు రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటే అనుమానించాలి.

జేజి కడియాలు కొంగున ముడివేసుకొని లేచింది. మడమ తగిలే వైపు ఉలిగీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. అంగడివాడు అటు తిప్పి చూడనే లేదు.