పాత పుస్తకాలు పాఠకులకే

జూన్ నెలలో విజయవాడ లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణాల ముందు కాసేపు నిలబడితే మధ్యతరగతి సంసారాల లెక్కలు తెలుస్తాయి. తండ్రి చేతిలో చీటీ, కొడుకు చేతిలో సంచీ. తక్కువ ధరకు దొరికినవన్నీ సంచీలో వేసుకుని, దొరకనివి మాత్రమే కొత్తవి కొంటారు. నగరవాసులకు ఈ వసతి వున్నది. అవనిగడ్డ నుంచో, తిరువూరు నుంచో వచ్చే విద్యార్థికి మిగిలిన నాలుగు డబ్బులూ బస్సు చార్జీలకే సరిపోతాయి. అతని ఊళ్ళోనే గ్రంథాలయం వున్నప్పుడు పాత పుస్తకం అక్కడే ఎందుకు దొరకకూడదు?

ఇది దానం అడగడం కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ప్రజల నుంచి వసూలవుతున్నది. అంటే అక్కడి పుస్తకాలకు పాఠకుడు ఒకసారి ధర చెల్లించినట్లే. ఒకే పుస్తకం ప్రతులు నాలుగు వుండి ఒక్కటే చదువరుల చేతికి వెళుతున్నా, మిగిలిన మూడూ బీరువాల్లోనే మగ్గుతుంటాయి. చెదలు పట్టాక పాత పత్రికలతో పాటు తూకానికి పోవడమే వాటి గతి. ఆ మూడింటినీ ముందే పదికో, యిరవైకో పాఠకులకు అమ్మితే ఎవరికి నష్టం?

తప్పంతా గ్రంథపాలకులదని మేము అనడం లేదు. రిజిస్టరులో ఎక్కిన ప్రతి పుస్తకానికీ వారు జవాబుదారులు. తీసివేయడం కన్నా తాళం వేసి వుంచడమే క్షేమమనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నిబంధనలు ఏడాదిలో వెయ్యి పుస్తకాలు పాఠకుల చేతికి వెళితే అయిదు పోవడం సహజ నష్టమేనని అంగీకరించాయి. పోయిన పుస్తకం విషయంలోనే అంత సడలింపు వున్నప్పుడు, లెక్క చూపి, రశీదు యిచ్చి అమ్మే పుస్తకం విషయంలో భయమెందుకు? జిల్లా గ్రంథాలయ సంస్థ స్పష్టమైన ఉత్తర్వు యిస్తే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. గ్రంథాలయం గుండ్రటి ముద్ర వున్న పుస్తకాలు ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. కొన్నవాడికి అది దొంగసొత్తో కాదో తెలియదు. అమ్మే ప్రతి పుస్తకం మీద ‘తొలగించినది’ అన్న ముద్ర, తేదీ వేస్తే ఆ బెడద తీరుతుంది. ఇళ్ళలో అటకెక్కిన పుస్తకాలను కూడా తీసుకుని అమ్మవచ్చు. అమెరికాలో ఊరి గ్రంథాలయాలు ఇలా అమ్మి, వచ్చిన సొమ్ము గ్రంథాలయానికే వాడటం మామూలు. పిల్లలను చూడటానికి అక్కడికి వెళ్ళివచ్చిన మన పెద్దల్లో చాలామందికి ఈ సంగతి తెలుసు.

కొనేవారికీ ఒక మాట. గణితం, వ్యాకరణం, నిఘంటువు, నవల ఎంత పాతదైనా కొనవచ్చు. పోటీ పరీక్షలకు చదివేవారు మాత్రం అచ్చయిన ఏడాది చూడకుండా డబ్బివ్వరాదు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. 2024 జూలైలో భారత శిక్షాస్మృతి స్థానంలో కొత్త న్యాయసంహిత అమలులోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినాయి. వాటికి ముందు అచ్చయిన పుస్తకం చవకగా దొరికినా, పరీక్ష హాలులో దాని ఖరీదు ఎక్కువే.

అమ్మేవారు కూడా పాతదల్లా పనికిరానిదని తొందరపడరాదు. మళ్ళీ అచ్చుకు నోచుకోని నవలలు, స్వాతంత్ర్యానికి పూర్వపు పత్రికలు, స్థానిక చరిత్రలు మారుమూల శాఖల్లో కూడా బయటపడుతుంటాయి. అలాంటివి బల్ల మీదికి రాకూడదు. పాత పత్రికలను భద్రపరచడంలో పేరుపొందిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోటుకు చేరాలి. ఏరివేతకు ఒక తెలుగు అధ్యాపకుణ్ణి, ఒక విశ్రాంత గ్రంథపాలకుణ్ణి పిలిస్తే కాదనరు.

నవంబరు 14 నుంచి 20 వరకు యేటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, బహుమతులతో కార్యక్రమం ముగుస్తుంది. వాటిలో ఒక రోజు జిల్లా కేంద్ర గ్రంథాలయం ఆవరణలో నాలుగు బల్లలు వేయించి, ధరలు చీటీల మీద రాసిపెట్టి అమ్మకం ప్రారంభించాలి. బడులు, కళాశాలలు తెరవకముందు మే నెలాఖరులో మరోసారి పెడితే ఇంటర్, డిగ్రీ పుస్తకాలు కూడా చేతులు మారుతాయి. ఈలోగా తొలగించదగిన పుస్తకాల జాబితా పంపవలసిందిగా శాఖా గ్రంథాలయాలను సంస్థ కార్యదర్శి కోరాలి.