పరుగు మంచిదే, కానీ ఎందాకా?

ఆటలంటే మన హాస్టల్లో అందరికీ ఇష్టమే. పొద్దున్నే గ్రౌండులో పరుగెత్తితే ఒళ్లు తేలికవుతుంది. ఆటలు వద్దని నేను రాయడం లేదు. చెవులు వినపడని పిల్లల్ని మనం ఆటల్లోనే గుర్తిస్తాం, మిగతా చోట మరిచిపోతాం. అది తప్పని నా అభిప్రాయం.

మా తండాలో ఒక అక్కకు పుట్టుకతోనే చెవుడు. ఆమె చదివిన బడిలో పాఠం అర్థం కాకపోతే ఎవరూ పట్టించుకోలేదు. పరుగులో ఫస్టు వచ్చినప్పుడు మాత్రం అందరూ మెచ్చుకున్నారు. అప్పటినుంచి పొద్దున, ఎర్రటి ఎండలో, మళ్లీ సాయంత్రం చెరువు కట్ట మీద పరుగే. కాలు వాచినా ఆపదు. ఒక పూట పోకపోతే సంగటి ముట్టదు. నలుగురం మాట్లాడుకుంటా నవ్వితే ఆమెకు మాట వినపడదు, నవ్వు కనపడుతుంది. తన గురించే అనుకొని ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిరుగుతుంది.

దీన్ని వ్యాయామ వ్యసనం అంటారు. నొప్పి ఉన్నా ఆపలేకపోవడం దీని గుర్తు. తిండి తక్కువై శ్రమ ఎక్కువైతే ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలం తగ్గి సన్నగా చిట్లవచ్చు. మన అనంతపురం ఎండకు వడదెబ్బ కూడా తగులుతుంది. మనమేమో పట్టుదల అని పొగుడుతాం.

ఆ అక్క వినపడే మనతో పోల్చుకుంటాంది. ఎంత పరుగెత్తినా చెవులు రావు కదా, ఇంక ఆ పోలికకు కొస ఎక్కడ? మేము సుగాలీలం. ఇంట్లో గోర్ బోలి మాట్లాడతాం. ఒకటో తరగతిలో తెలుగు రాక ఊరకుంటే ఊరి పిల్లలతో పోల్చి నన్ను మొద్దు అన్నారు. భాష రాకపోవడం, తెలివి లేకపోవడం ఒకటి కాదు.

చెవిటివాళ్ల ప్రపంచ పోటీలు 1924లో పారిస్‌లో మొదలైనాయి. ఇప్పుడు వాటిని డెఫ్లింపిక్స్ అంటారు. పోటీలో వినికిడి మిషన్లు తీసేయాలి, అందరూ సమానమే. తుపాకీ చప్పుడుకు బదులు లైటు వెలిగితే పరుగు మొదలు. 2022లో బ్రెజిల్‌లో జరిగినప్పుడు కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ టెన్నిస్‌లో కాంస్యం గెలిచింది. హైదరాబాదు ధనుష్ శ్రీకాంత్ రైఫిల్ షూటింగులో బంగారు పతకం తెచ్చాడు. అది కదలకుండా నిలబడే ఆట! అంటే గెలవాలంటే ఒళ్లు హూనం చేసుకోవాలని లేదు. సరైన పోలిక, నేర్పేవాళ్లు, విశ్రాంతి కావాలి.

కాబట్టి వినపడని పిల్లలకు గ్రౌండు ఒక్కటే ఇచ్చి సరిపెట్టకూడదు. పాఠం సైగల్లో చెప్పాలి. మన జిల్లాలో ఆర్డీటీ అట్లాంటి బడులు పెట్టింది, కాబట్టి కాని పనేం కాదు. సెలవులకు తండాకు పోయినప్పుడు పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పండి. మనం కూడా "రా, కూర్చో, తిన్నావా" అని నాలుగు సైగలు నేర్చుకుందాం. అట్లాంటి పిల్ల గెలిచిన రోజు చప్పట్లు కొడితే చాలదు. ఓడిన రోజు కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని