అద్దముతో పోరాడే పిగిలిపిట్ట

2025 మార్చి, రంజాను మాసము. సైనిక్‌పురిలో మాకు పరిచితులైన ఒక విశ్రాంత సుబేదారుగారి ఇంట వింత సమస్య యొకటి తలయెత్తినది. సహరీ ముగించి, ఫజ్ర్ నమాజు చేసికొని ఇంటివారు కాస్త కన్ను మూయగానే పడకగది కిటికీపై టకటకమని చప్పుడు. మొదటి రోజున ఎవరో పిల్లలు గులకరాళ్లు విసరుతున్నారనుకొన్నారు. రెండవ రోజున తెర తొలగించి చూడగా పిడికెడంత పిట్ట కనిపించినది. నల్లని తల, దానిపై చిన్న జుట్టు, తోక మొదట క్రిందివైపున ఎర్రని మచ్చ. అద్దమును ముక్కుతో పొడిచి, కాళ్లతో తన్ని, ప్రహరీగోడపై వాలి, ఆయాసము తీరీతీరకముందే మరల వచ్చి పొడుస్తున్నది. అది పిగిలిపిట్ట. ఉర్దూ వారి బుల్‌బుల్.

వారము దినములు గడిచేసరికి ఆ ఇంట మూడు పక్షములేర్పడినవి. సుబేదారుగారి తల్లి ఎనభై దాటిన వృద్ధురాలు. "ఎవరి రూహో కబురు తెచ్చింది బేటా, ఫాతెహా చదివించండి" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. మనుమడు ఉండేలు సిద్ధము చేసినాడు. పొరుగింటి పెద్దమనిషి, ప్రహరీని ఆనుకొని పెరిగిన కాగితపుపూల పొదను మొదలంట నరికిస్తే పీడ విరగడగునని సలహా ఇచ్చినాడు. ఆ పొదలోనే పిట్ట గూడున్నది. ఇఫ్తారుకు పిలిచిన రోజున సుబేదారుగారు మా వంక చూచి, "లెక్చరర్ సాబ్, మీరు చదువుకున్నవారు, ఏం చేయమంటారు?" అని అడిగినారు.

మేము తెలుగు బోధించువారము గాని పక్షిశాస్త్రము చదివినవారము కాము. కాని కూలివాడు గొడ్డలితో మరునాడే రానున్నాడు. అందుచేత ఆ రాత్రియే కొంత చదివి, తెలిసినవారిని అడిగి, మరునాటి ఉదయము మేమే వెళ్లి ఆ కిటికీ ముందర, అనగా ఇంటి వెలుపల, పిట్ట నిలిచే చోట నిలుచుండి చూచినాము. గది లోపల చీకటి. బయట తెల్లని వెలుగు. అద్దములో గది కనిపించలేదు. ప్రహరీగోడ, కాగితపుపూల పొద, ఆకాశము, మా ముఖము కనిపించినవి.

రాత్రివేళ గదిలో దీపము వెలిగించినప్పుడు కిటికీ అద్దములో మన బొమ్మ మనకు కనిపించుట అందరి అనుభవమే. పగటిపూట ఇది తారుమారగును. వెలుతురు ఏ ప్రక్కన అధికమో ఆ ప్రక్కవారికి అద్దము దర్పణమగును. లోపలివారికి అది కిటికీ, వెలుపలి పిట్టకు నిలువుటద్దము. వేసవి నెలలు పిగిలిపిట్టలు గూడు కట్టే కాలము. ఆ రోజులలో జంట పిట్టలు తమ పొద చుట్టూ కొంత మేర తమదిగా ఏర్పరచుకొని, తమ జాతి పిట్ట మరియొకటి ఆ మేరలో అడుగుపెడితే సహింపవు. ఆ అద్దములో మరియొక పిట్ట కనిపించినది. అది తాను కట్టుకొన్న పొద ప్రక్కనే, తన గూటికి మూరెడు దూరములో నిలిచి, తనవలెనే జుట్టు రిక్కించి చూస్తున్నది. ఇక ఊరకుండుట ఎట్లు?

నిజమైన ప్రత్యర్థియైతే రెండు పోట్లు తిని పారిపోవును, లేదా తానే గెలుచును. ఏదో యొకటి తేలును. అద్దములోని పిట్ట పారిపోదు, గెలువదు. ఎంత బలముగా పొడిచితే అంత బలముగా ఎదురు పొడుచును. అందుకే ఆ యుద్ధము దినముల తరబడి సాగుచున్నది. అద్దము పగలదు, ఇంటివారికి నష్టమేమియు లేదు, నిద్రాభంగము తప్ప. పిట్టకు మాత్రము మేత వెదుకవలసిన వేళ, గూడు కాయవలసిన వేళ వ్యర్థమగుచున్నది.

తన ప్రతిబింబమును తానని గుర్తించగల జీవులు బహుస్వల్పము. 1970లో గోర్డన్ గాలప్ అను అమెరికా శాస్త్రవేత్త చింపాంజీలకు ఆ శక్తి కలదని పరీక్షించి చూపినాడు. పక్షులలో మాగ్‌పై అను కాకి జాతి పక్షికి అది ఉన్నట్లు 2008లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రకటించినారు. మన పిగిలిపిట్టకు అంతటి భాగ్యము లేదు. దానిని మూర్ఖమనుటకు మాత్రము మేము సమ్మతింపము. ఎందువలననగా ఈ కథ మన గ్రంథములలో ఎంతో ప్రాచీనమైనది, అక్కడ మోసపోయినది సాక్షాత్తు మృగరాజు.

పంచతంత్రములో కుందేలు సింహమును బావి దగ్గరకు కొనిపోయి నీటిలో దాని నీడనే శత్రువుగా చూపిన కథ మా విద్యార్థులకు తెలియనిది కాదు. అయితే ఆ సింహము మన దేశము దాటి ఎంత దూరము నడచినదో ఎందరికి తెలియును? ఆరవ శతాబ్దములో అనూషిర్వాన్ చక్రవర్తి కాలమున బుర్జోయ్ అను వైద్యుడు ఈ కథలను పహ్లవీ భాషలోనికి తీసికొనిపోయినాడు. ఎనిమిదవ శతాబ్దములో ఇబ్నుల్ ముఖఫ్ఫా వానిని కలీలా వ దిమ్నా పేర అరబ్బీలో వ్రాసినాడు. పదమూడవ శతాబ్దములో మౌలానా రూమీ తన మస్నవీ మొదటి సంపుటములో అదే సింహమును అదే బావిలో దూకించి, మనము పరులలో చూచే దోషములు తరచు మన నీడలేయని వ్యాఖ్యానించినాడు. ఉర్దూ శాఖవారు, మేము ఒకే కథను రెండు గదులలో రెండు లిపులలో బోధిస్తున్నాము.

రూమీ చెప్పిన నీతి మనుష్యులకు చక్కగా వర్తించును. పిట్టకు దానిని అంటగట్టరాదు. బావి అడవిలో ముందే ఉన్నది. ఈ అద్దములను బిగించినది మనము.

సైనిక్‌పురి పేరులోనే దాని చరిత్ర ఉన్నది. సైన్యములో పనిచేసినవారి కొరకు వెలసిన కాలనీ. విశాలమైన స్థలములు, నడుమ ఇల్లు, చుట్టూ మామిడి, వేప, కానుగ. పాత ఇండ్ల కిటికీలకు కొయ్య తలుపులు, ఇనుప ఊచలు, చిన్న చిన్న అద్దపు పలకలు, కొన్నింటికి వెలుపల దోమల జాలి. అటువంటి కిటికీలో పిట్టకు ఏమి కనిపించును? కాప్రా పురపాలక సంఘము 2007లో హైదరాబాదు మహానగర పాలక సంఘములో కలిసినది. తోటల నడుమ ఉన్న ఇండ్లను పడగొట్టి అపార్టుమెంట్లు కట్టుట ఎక్కువైనది. వానికి నేల నుండి కప్పు వరకు జారుడు అద్దములు, ఎండ రాకుండ తళతళలాడే ఫిల్ము. చెట్లు కొన్ని మిగిలినవి, పిట్టలును మిగిలినవి, వాని ఎదుట అద్దములు మొలిచినవి.

బుల్‌బుల్ అనగానే గజళ్లలో గులాబీ కొరకు విలపించే ప్రేమికుడు స్ఫురించును. అది ఇరాను తోటలలోని వేరొక పక్షి, దక్కనులో నివసించదు. పేరొకటే గాని మన బుల్‌బుల్ విలపించు స్వభావము గలది కాదు, కలహశీలి. అస్సాములోని హాజోలో సంక్రాంతి దినములలో వీనిచేత పోరాటములు చేయించు ఆచారమే ఉండేది. 2023 డిసెంబరులో దానిని తిరిగి అనుమతింపగా, 2024 డిసెంబరులో గౌహతి హైకోర్టు ఆ అనుమతిని కొట్టివేసినది. హాజోలో పక్షులను పోరుకు దింపినవారిని న్యాయస్థానము ఆపినది. మన కిటికీల యెదుట పోరును మనమే ఆపవలెను.

ఆపు విధానము మిక్కిలి సులభము, కాని చాలమంది తలక్రిందులుగా చేయుదురు. లోపల తెర వేయుదురు. దానివలన లోపలి చీకటి పెరిగి ప్రతిబింబము మరింత స్పష్టమగును. చేయవలసినది అద్దమునకు వెలుపల. ఒక సబ్బుబిళ్లతో అద్దమును బయటినుండి మసకబారునట్లు రుద్దవచ్చును. పాత వార్తాపత్రికను అంటింపవచ్చును, దుప్పటి వ్రేలాడదీయవచ్చును. జాలి తలుపు వెలుపల ఉంటే అసలు చిక్కే లేదు. ప్రక్క కిటికీని కూడ మరువరాదు, పిట్ట అక్కడికి మారును. మోటారు కారు అద్దములకు గుడ్డసంచి తొడిగిన చాలును. ప్లాస్టికు పామును, గ్రద్ద బొమ్మను నమ్ముకొన్నవారు కొద్ది రోజులలోనే విసిగిపోవుదురు.

ఆకాశము కనిపించి, దారి యున్నదనుకొని వేగముగా వచ్చి అద్దమునకు ఢీకొని చచ్చు పక్షుల సంగతి వేరు, అది ఇంతకన్న ఘోరము. అమెరికాలోనే ఏటా 36.5 కోట్ల నుండి 98.8 కోట్ల పక్షులు ఈ విధముగా మరణించునని 2014లో ఒక అంచనా వెలువడినది. అందుకు అద్దము వెలుపలి ముఖమంతటను రెండేసి అంగుళముల ఎడముతో చుక్కలు పెట్టుట మందు. మన నగరములో గాజు మేడలు కట్టు ఇంజనీర్లు ఈ మాట వినియుందురా?

ఉండేలు పట్టిన మనుమనికి మేము రెండు సంగతులు చెప్పినాము. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 ప్రకారము ఈ పిట్టను కొట్టుట, దాని గూడు చెరచుట నేరము. రెండవది సలీం అలీ గారి కథ. బాల్యములో తన తుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ ఏమిటని తెలిసికొనుటకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు వెళ్లిన ఆ బాలుడే తరువాత 1931-32లో హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను పరిశీలించినాడు. చట్టము సంగతి వాడు వినలేదు. తుపాకి సంగతి మాత్రము రెండుమార్లు చెప్పించుకొన్నాడు.

సబ్బు వాడే రుద్దినాడు. మరునాడు పిట్ట రెండుమార్లు వచ్చి, అద్దము ముందర రెక్కలాడించి, ఎవరును కనిపింపక పొదలోనికి పోయినది. మూడవ నాడు రాలేదు. గొడ్డలివానిని సుబేదారుగారు కూలి ఇచ్చి పంపివేసినారు. వృద్ధురాలు మాత్రము ఫాతెహా చదివించియే తీరినది, మేమును ఆ హల్వా తిన్నాము. ఈద్ ముందర ఇల్లు శుభ్రము చేయుచు కోడలుగారు ఆ అద్దము కడుగవచ్చునా అని ఫోనులో అడిగినారు. పిట్ట రెండు వారములు పొదుగును, మరి రెండు వారములకు లోపల పిల్లలు గూడు విడుచును, అంతవరకు అతిథులను ముందరి గదిలో కూర్చుండబెట్టుడని చెప్పినాము.