అలాయ్ చక్రాలకు డబ్బులున్నాయి, బ్రేకు పైపులకు లేవా?

మనవాళ్ళ దగ్గర ఒక మంత్రం ఉంది. "నడుస్తోంది కదా, ముట్టుకోకు." పదేళ్ళ కిందట ఎవడో రాసేసి వెళ్ళిపోయిన కోడు ముందు నిలబడి ప్రతివాడూ జపించేదే. ఆఫీసులో అది ఎంతవరకు పనికొస్తుందో నాకు అనవసరం. అదే మంత్రాన్ని పాత కారు బ్రేకుల మీద కూడా చదువుతున్నారే, అక్కడే నా గొడవంతా.

ఏ పాత జెన్నో, మారుతి 800నో కొంటారు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది, అంటే రోడ్డు మీద ఉన్నవాటిలో కడసారపు బండికి కూడా పదేళ్ళు దాటాయి. కొన్న నెలలోపే అలాయ్ చక్రాలు, టచ్ స్క్రీను, డిక్కీలో బాసు డబ్బా వచ్చి చేరతాయి. "బ్రేకు పైపులు ఎప్పుడు మార్పించావు బాబూ?" అని అడగండి. "లీకేమీ లేదుగా!" అంటాడు.

లీకయ్యాక మార్పించడానికి అదేమన్నా వంటింటి కుళాయా?

అసలు విషయానికొద్దాం. మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్లోంచి బ్రేకు ఆయిలు బండి కింద నుంచి పోయే సన్నటి స్టీలు పైపుల్లో ప్రయాణిస్తుంది. చక్రం తిరగాలి, పైకీ కిందకీ ఆడాలి కాబట్టి చివర్లో రబ్బరు హోసు ఉంటుంది. స్టీలుకు శత్రువు తుప్పు. రబ్బరుకు శత్రువు వయసు. "పెద్దగా తిరగలేదు సార్, ముప్ఫై వేల కిలోమీటర్లే" అని అమ్మేవాడు చెప్పే మాట టైర్లకు పనికొస్తుందేమో గానీ, రబ్బరు హోసు వయసు మీటర్లో ఉండదు, క్యాలెండర్లో ఉంటుంది.

పైగా అది పోయే తీరు చూడండి. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపినప్పుడు పైపుల్లో ఒత్తిడి కొంచెమే. ఆటో అడ్డమొచ్చి బలమంతా పెట్టి తొక్కినప్పుడు దానికి ఎన్నో రెట్లు. ముసలి హోసు తెగేది ఆ క్షణంలోనే. అంటే రోజూ అన్ని టెస్టులూ పాసవుతుంది, పీక్ లోడు రోజున కూలబడుతుంది. అలాంటి సిస్టమ్‌ని మీరు క్లయింటుకు ఇస్తారా? మరి పెళ్ళాం పిల్లల్ని మాత్రం ఎక్కిస్తారు!

ఇక్కడ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. "బ్రేకులకు రెండు సర్క్యూట్లు ఉంటాయండీ, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది." నిజమే. ఒకటి పోతే పెడల్ బాగా లోపలికి దిగిపోయి సగం బ్రేకులు మిగులుతాయి. కానీ ఆ రెండో సర్క్యూట్ హోసులు కూడా అదే రోజు ఫ్యాక్టరీలో బిగించినవే కదా? అదే ర్యాకులో, అదే పాత డిస్కుతో ఉన్న సర్వర్ని ఎవరైనా బ్యాకప్ అంటారా?

తెగడం ఒక్కటే కాదు. పైకి నిక్షేపంగా కనిపించే హోసు లోపల ఉబ్బిపోతుంది. తొక్కినప్పుడు ఆయిలు వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. చక్రం పట్టేసి వేడెక్కుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. మెకానిక్ కాలిపర్ మార్చి బిల్లు వేస్తాడు, రోగం అక్కడే ఉంటుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్ని హోసు మీదే వేలాడదీసే మహానుభావులు ఈ రోగాన్ని ఇంకా తొందరగా తెప్పిస్తారు. చూస్తూ ఊరుకోకండి, తీగతో కట్టమనండి.

ఇక రెండో వర్గం, అప్‌గ్రేడ్ వీరులు. వీళ్ళకు మెరిసే స్టీలు అల్లిక హోసులే కావాలి. లోపల టెఫ్లాన్, పైన స్టీలు జాలీ. ఒత్తిడికి తక్కువ ఉబ్బుతాయి కాబట్టి పెడల్ గట్టిగా తగులుతుంది. మంచిదే, కాదనను. కానీ "ఇప్పుడు బండి సగం దూరంలో ఆగుతోంది మామా" అంటే మాత్రం నమ్మకండి. గట్టిగా తొక్కినప్పుడు చక్రం లాకయ్యేంత బలం పాత బ్రేకులకూ ఉంటుంది. ఆ తర్వాత బండిని ఆపేది టైరు పట్టు. వీళ్ళకు తెలిసిన తేడాలో చాలా భాగం పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడా. కంపెనీ రబ్బరు హోసు కొత్తది వేసినా అందులో చాలావరకు దక్కేది.

వేసుకోవాలనుకుంటే వేసుకోండి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేసుకోండి. పైన ప్లాస్టిక్ తొడుగున్నదే తీసుకోండి, లేకపోతే ఆ జాలీ రాసుకున్నదాన్నల్లా రంపంలా కోస్తుంది. స్టీరింగు పూర్తిగా రెండు పక్కలా తిప్పి, చక్రం గాల్లో వేలాడదీసి పొడవు సరిపోయిందో లేదో చూడండి. ప్రమాణం ముద్ర లేని హోసు ఎంత మెరిసినా వద్దు. అమెరికా ప్రమాణం ప్రకారం సన్న హోసు 7,000 పీఎస్ఐ లోపు పగలకూడదు. సందు చివరి షాపులో కోసి నొక్కి ఇచ్చేదానికి ఆ పరీక్ష ఎవరు చేశారు?

హోసులు మార్చి స్టీలు పైపుల్ని వదిలేసేవాళ్ళు ఇంకో రకం. విశాఖ, కాకినాడ ఉప్పుగాలిలో తిరిగిన బండైతే ముందు కిందకు దూరి చూడాల్సింది వాటినే. మంచు కోసం రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్లో పాత కారు కొనుక్కునే మన ఎమ్మెస్ కుర్రాళ్ళకూ ఇదే మాట. 1999-2003 మోడల్ జీఎం ట్రక్కుల పైపులు తుప్పుతో పోతున్నాయని అమెరికా భద్రతా సంస్థ ఏళ్ళ తరబడి దర్యాప్తు చేసి, 2015లో రీకాల్ లేకుండానే ముగించింది. తుప్పు పెచ్చులు లేస్తుంటే ముక్క కాదు, మొత్తం మార్చుకోమని యజమానులకే చెప్పింది. అంటే మీ పైపు మీరే చూసుకోవాలి, ఎవడూ రాడు.

మార్చేటప్పుడు కుప్రోనికెల్ పైపు దొరికితే అది మేలు. రాగిలో పది శాతం నికెల్, తుప్పు పట్టదు, తేలిగ్గా వంగుతుంది. ఏసీ వాళ్ళు వాడే రాగి పైపు మాత్రం వద్దు, అదురుడుకు గట్టిపడి పగులుతుంది. తుప్పు ముక్క కోసి మధ్యలో నట్టు అతుకు పెడతానంటే దండం పెట్టి వచ్చేయండి.

చివరగా బ్రేకు ఆయిలు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ప్రమాణం హామీ ఇచ్చేది 155 డిగ్రీలే. రెండేళ్ళకోసారి మార్చాలి. లేకపోతే తిరుమల ఘాట్ దిగేటప్పుడు అది మరిగి, పెడల్ నేలకంటి, నిజంగానే గోవిందా! అలాగని డాట్ 5 కొనెయ్యకండి. అది సిలికాన్, పాతదానితో కలవదు. డాట్ 5.1 వేరు.

నా లెక్క ఇదీ: పదేళ్ళు దాటిన హోసు, ఎప్పుడు వేశారో తెలియని హోసు, రెండూ చెత్తబుట్టకే. అన్నీ మార్పించినా మీ అలాయ్ చక్రాల ఖర్చులో చిన్న వంతు అవుతుంది. ఎవరికీ కనబడదు, ఫోటో పెట్టుకోవడానికీ పనికిరాదు, మనవాళ్ళకు చేదయ్యేది అందుకే.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. ముందు పైపులు మార్పించుకొచ్చి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టండి.